నాలుగున్నర ఆకలి

*బడి నుంచి వచ్చిన పిల్లల చేతిలో ఏం పెట్టాలి? అడిగి మరీ తినేదేది, తిన్నాక ఒంటికి పట్టేదేది? ఇంటింటా రోజూ తలెత్తే ఈ ప్రశ్నకు సగం జవాబు మన వంటింట్లోనే ఉంది.*

సాయంత్రం నాలుగుంబావు. లాంగ్ బెల్ మోగింది. గేటు సగం తెరుచుకునేలోపే పిల్లలు రోడ్డు మీదికి వచ్చేశారు. ఎదురుగా కిరాణా కొట్టు. గుమ్మానికి అటూ ఇటూ ఐదు రూపాయల ప్యాకెట్లు పైనుంచి కిందిదాకా వేలాడుతున్నాయి. కొట్టాయన ఎవరినీ ఏం కావాలని అడగడు, ఎవరికేది ఇష్టమో ఆయనకు కంఠతా వచ్చు. నాలుగో తరగతి పిల్లవాడొకడు ప్యాకెట్టు మూల పళ్లతో కొరికి చించాడు. ఆటో కదిలేలోపు అది ఖాళీ. వేళ్లకు అంటిన ఎర్ర మసాలా నాకుతున్నాడు. వాడి ఒళ్లో ఉన్న సంచీలో పొద్దున అమ్మ కట్టిచ్చిన క్యారెట్ అన్నం సగానికి పైగా అలాగే ఉంది.

ఇంటికెళ్లాక అమ్మ బాక్సు మూత తీస్తుంది.

"మళ్లీ మిగిల్చావేంటి నాన్నా?"

"బెల్లు కొట్టేశారమ్మా."

వాడు అబద్ధం చెప్పడం లేదు. చేతులు కడుక్కోవడానికి వరుస, కూర్చోవడానికి చోటు వెతుక్కోవడం, పక్కవాడి బాక్సులో ఏముందో చూడటం, ఇవన్నీ పోను చాలా బళ్లలో అన్నం తినడానికి మిగిలే సమయం పదిహేను ఇరవై నిమిషాలే. చల్లారి గట్టిపడిన అన్నం చిన్న నోటికి తొందరగా దిగదు. దాంతో నాలుగున్నరకు వచ్చే ఆకలి మధ్యాహ్నపు బాకీని కూడా కలుపుకొని వస్తుంది. ఒంటిగంటకు అరకొరగా తిన్న పిల్లలకు రాత్రి భోజనం ఎనిమిదిన్నరకో తొమ్మిదికో. ఆ మధ్య తినేదాన్ని చిరుతిండి అంటున్నాం గానీ, పిల్లల కడుపుకు అది నాలుగో భోజనం. ఆ భోజనాన్ని మనం కిరాణా కొట్టుకు వదిలేశాం.

గోడ మీద చక్కెర లెక్క

ఈ సంగతి ఇప్పుడు గట్టిగా వినపడటానికి కారణాలున్నాయి. 2025 మే నెలలో సీబీఎస్ఈ తన పరిధిలోని బడులన్నిట్లో 'షుగర్ బోర్డు' పెట్టమంది. ఏ పానీయంలో, ఏ బిస్కెట్టులో ఎంత చక్కెర ఉందో, రోజుకు ఎంత మించకూడదో, బదులుగా ఏం తినొచ్చో పిల్లల కంటికి కనబడేలా గోడ మీద రాసి ఉంచాలన్నది ఆ ఆదేశం. అదే ఏడాది సెప్టెంబరులో యునిసెఫ్ నివేదిక వచ్చింది. ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ల వారిలో తక్కువ బరువున్నవాళ్లు 9.2 శాతం, ఊబకాయం ఉన్నవాళ్లు 9.4 శాతం. బక్కచిక్కిన పిల్లల కన్నా ఊబకాయం ఉన్న పిల్లలు ఎక్కువ కావడం ఇదే మొదటిసారి.

మన దగ్గర ఈ రెండూ ఒకే వీధిలో కనిపిస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు రెండు చోట్లా నూటికి ముప్పై మందికి పైనే. కడుపు నిండా తిన్నట్టు కనిపిస్తూనే నెత్తురు చాలని పిల్లలున్నారు. ఒళ్లు చేసిన పిల్లల్లోనూ ఇనుము తక్కువైనవాళ్లు ఉంటారు. ఎంత తిన్నారన్న దానితో ఈ లెక్క తేలదు. ఏం తిన్నారో చూడాలి.

> బాక్సు: చక్కెర ఎంత?
>
> ▪ రెండేళ్లు దాటిన పిల్లలకు విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచన. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు వద్దు.
>
> ▪ 250 మిల్లీలీటర్ల కోలా సీసాలో సుమారు 26 గ్రాముల చక్కెర. ఒక్క సీసాతో రోజు కోటా దాటిపోతుంది.
>
> ▪ విరేచనాలైన పిల్లలకు పట్టాల్సిన ఓఆర్‌ఎస్ వేరు, ఆ పేరు తగిలించుకుని అమ్ముడైన తీపి పానీయాలు వేరు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పానీయాల పేర్లలో 'ఓఆర్‌ఎస్' అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

ప్యాకెట్టు ఎందుకు గెలుస్తుంది?

పిల్లలు మొండివాళ్లనీ, నాలుక చెడిపోయిందనీ అనడం తేలిక. వాళ్ల వైపు నుంచి చూస్తే కథ వేరుగా ఉంటుంది. రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలకు తెలియని తిండి అంటే భయం. నడక వచ్చి, కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఆ భయం వాళ్లను కాపాడుతుంది. చేదు ఆకులను, పుల్లటి కాయలను అనుమానించమని ఒళ్లే చెబుతుంది. అందుకే నిన్న తిన్న కాకరకాయ ముక్కను ఇవాళ ఉమ్మేస్తారు. బెండకాయ ఒకరోజు కరకరలాడుతుంది, ఇంకోరోజు జిగురుగా ఉంటుంది. టమాటా ఒకసారి తియ్యగా, మరోసారి పుల్లగా వస్తుంది. ప్యాకెట్టు మాత్రం ఎప్పుడు చించినా అదే రంగు, అదే చప్పుడు, అదే ఉప్పు. ఆ వయసు మనసుకు అంతకన్నా భరోసా ఏముంటుంది?

ఇక్కడ పెద్దలు చేతులెత్తేస్తారు. రెండుసార్లు పెట్టి చూసి, "మావాడికి ఆకుకూర పడదు" అని తీర్మానిస్తారు. పిల్లల తిండి అలవాట్ల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చెప్పేదేమంటే, ఒక కొత్త రుచి పిల్లలకు దగ్గరవడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు దాకా పడుతుంది. అన్నిసార్లూ తినాలని లేదు. కొన్నిసార్లు పళ్లెంలో ఓ మూల కనబడినా, వాసన చూసినా, నాన్న తింటుంటే చూసినా మేలే. ఇంతే తేడా: మూడోసారికి విసుగొచ్చి ఆపేసిన ఇంట్లో పిల్లవాడికి తోటకూర శత్రువుగా మిగిలిపోతుంది, పన్నెండోసారి కూడా మాట్లాడకుండా ఓ చెంచాడు తోటకూర పప్పు వడ్డించిన ఇంట్లో అది మామూలు పప్పైపోతుంది.

వందేళ్ల కిందట అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు ఒక ప్రయోగం మొదలుపెట్టారు. అప్పుడే పాలు మానుతున్న పసిబిడ్డలు పదిహేను మంది. వాళ్ల ముందు గిన్నెల్లో రకరకాల పదార్థాలు. మొత్తం జాబితాలో 34 ఉండేవి: మాంసం, గుడ్లు, పాలు, ధాన్యాలు, కూరగాయలు, పళ్లు, ఉప్పు కూడా విడిగా. పక్కన కూర్చున్న నర్సు తినమని అనకూడదు, వద్దనీ అనకూడదు. బిడ్డ ఏ గిన్నె వైపు చెయ్యి చాపితే అదే పెట్టాలి. ఒక్కొక్కరు ఒక్కో తీరుగా, పెద్దలు ఎన్నడూ కలపని జోడీలతో తిన్నారు. అయినా అందరూ చక్కగా ఎదిగారు. ఎముకలు మెత్తబడే రికెట్స్‌తో వచ్చిన ఒక బిడ్డ తన పళ్లెంలో పెట్టిన కాడ్ లివర్ నూనెను తనంతట తానే తాగి, జబ్బు నయమయ్యాక వదిలేశాడు. 1939లో ఆ ఫలితాలు వివరిస్తూ ఆమె కిటుకేమిటో కూడా చెప్పారు. అది జాబితాలో ఉంది. ఆ 34లో చక్కెర లేదు, తెల్లపిండి లేదు, డబ్బా తిండి లేదు. ఏది ఎంచుకున్నా మంచిదే ఉన్నచోట పిల్లల ఎంపికను నమ్మొచ్చు. మన ఇంటి అలమరలో ఏముందన్నదే, పిల్లలు ఏం కోరతారన్న దానికన్నా ముందు ప్రశ్న.

సన్నబియ్యం నేర్పిన పాఠం

రుచి ముందు, ఆరోగ్యం దాని వెనకాలే నడిచి వస్తుందనడానికి మన బడిబువ్వే సాక్ష్యం. 2001లో సుప్రీంకోర్టు ఆదేశంతో ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం హక్కుగా మారింది. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు నుంచి ఎనిమిదో తరగతికి 700 కేలరీలు, 20 గ్రాములు. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ దొడ్డుబియ్యం అన్నం చల్లారి ముద్దకట్టి, పళ్లేల్లో మిగిలిపోయేది. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే స్తోమత ఉన్నవాళ్లు తెచ్చుకున్నారు, లేనివాళ్లు నాలుగు ముద్దలతో లేచారు. తెలంగాణ 2015 జనవరి నుంచి హాస్టళ్లకూ బడులకూ సన్నబియ్యం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2025 జూన్‌లో అదే దారి పట్టింది. పోషకాల లెక్కలో ఆ రెండు బియ్యాలకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా పళ్లెంలో మిగిలే అన్నంలో ఉంది. తినని పోషకం ఎంత గొప్పదైనా పిల్లవాడికి పనికిరాదు.

రాగి సంగతీ అంతే. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఆవుపాలలో ఉండేదానికి దాదాపు మూడింతలు. ఎదిగే ఎముకలకు ఇంత చవకైన ధాన్యం ఇంకోటి లేదు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన రాగిజావ ఇవ్వడం మొదలైంది. ఉద్దేశం చాలా మంచిది. అయితే జావ చల్లారితే పైన తొరక కడుతుంది. ఇంట్లో ఎన్నడూ తాగని పిల్లలకు ఆ జిగట కొత్త. అనంతపురం, చిత్తూరు పల్లెల్లో రాగిసంగటి ముద్దలో గుంట చేసి, నెయ్యి పోసి, చెనక్కాయల ఊరిబిండి నంజుకుని పెరిగిన పిల్లలను మాత్రం ఎవరూ బతిమాలక్కర్లేదు. ధాన్యం ఒకటే. రూపం మారింది, తోడు మారింది.

పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, బడి భోజనాలు వండే అక్షయపాత్ర వంటశాలలు కలిసి బెంగళూరు శివారు బడుల్లో చేసిన ప్రయోగం దీన్ని ఇంకా స్పష్టంగా చూపింది. బియ్యానికి బదులు రాగి, సజ్జ, సామ వంటి చిరుధాన్యాలను వాళ్లు జావగా ఇవ్వలేదు. ఇడ్లీ చేశారు, ఉప్మా చేశారు, కిచిడీ, బిసిబేళేబాత్ చేశారు. అంటే పిల్లలకు ముందే తెలిసిన వంటకాల్లోకి కొత్త గింజ వచ్చి చేరింది. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం పిల్లలు ఆ భోజనానికి రుచిలో మంచి మార్కులే వేశారు. అన్నం తిన్నవాళ్లతో పోలిస్తే వాళ్ల ఎదుగుదల కూడా మెరుగ్గా ఉంది. కొత్తది పెట్టాలనుకునే ఏ ఇంటికైనా ఇదే సూత్రం: పదార్థం కొత్తదైతే వంటకం పాతదిగా ఉండాలి.

కరకరలాడాలి, పుల్లగా ఉండాలి, చేతికి అందాలి

పిల్లలు చిప్స్‌లో కోరేది బంగాళాదుంపను కాదు. కరకరను, ఉప్పును, పులుపును, తమ వేళ్లతో తామే తినే స్వేచ్ఛను. ఈ నాలుగూ ఇచ్చే వంటకాలు మన దగ్గర ప్రాంతానికొకటి ఉన్నాయి.

వరంగల్ సర్వపిండినే తీసుకోండి. కరీంనగర్ వైపు గిన్నెప్ప అంటారు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లికాడలు వేసి గట్టిగా కలుపుతారు. మందపాటి గిన్నె అడుగున చేత్తో పల్చగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నాలుగు చుక్కల నూనె వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తే చాలు. అడుగంతా ఎర్రగా కాలి కరకరలాడుతుంది, పైన మెత్తగా ఉంటుంది. బియ్యంలో తక్కువైన మాంసకృత్తుల భాగాన్ని పప్పు, పల్లీ పూడుస్తాయి. పిండిలో గుప్పెడు మెంతికూరో మునగాకో తరిగి కలిపితే అడిగేవాళ్లు లేరు. నూనెలో మునిగే పని లేకుండా ఇంత కరకర ఇచ్చే వంట ఇంకొకటి నాకైతే తట్టడం లేదు. బియ్యప్పిండిలో పావు వంతు జొన్నపిండి కలిపినా రుచి చెడదు.

రాయలసీమ వెళ్తే ఉగ్గాని. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, ఉల్లి, పచ్చిమిర్చి, టమాటా పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి దించితే పది నిమిషాల పని. మిరపకాయ బజ్జీ తోడు పెద్దవాళ్లకు. పిల్లలకు పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెడితే ఆరు గ్రాముల మాంసకృత్తులు అదనం. మిగిలిన దోసె పిండి ఉంటే గుంత పొంగనాలు. క్యారెట్ తురుము, కొత్తిమీర, సన్నగా తరిగిన ఉల్లి వేసి, గుంతలో పోసి తిప్పడం పిల్లలకు అప్పగించండి. తాము తిప్పిన పొంగనం తాము తినకుండా ఉండరు.

గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె, పెసరట్టు. పెసరట్టుకు పులియబెట్టే పని కూడా లేదు. రాత్రి నానబోసి పొద్దున రుబ్బితే అల్లం ముక్కతో సహా సిద్ధం. పొట్టుతో ఉన్న పెసలు వాడితే పీచు కూడా దక్కుతుంది. తెలంగాణ ఇళ్లలో గుడాలు, కోస్తాలో గుగ్గిళ్లు. పేరు ఏదైనా శనగలో బొబ్బర్లో నానబెట్టి ఉడికించి, పోపు వేసి, పచ్చికొబ్బరి చల్లడమే. దించాక నిమ్మకాయ పిండటం మర్చిపోవద్దు. గింజల్లోని ఇనుము ఒంటికి అందాలంటే విటమిన్ సి సాయం కావాలి. అదే గిన్నె పక్కన టీ కప్పు పెడితే ఆ ఇనుములో చాలా భాగం వృథా. మన ఇళ్లలో సాయంత్రం టీ, బిస్కెట్టు పిల్లలకు కూడా అలవాటు చేయడం రక్తహీనతకు తలుపు తీసినట్టే.

బడి గేటు ముందు అమ్మేవన్నీ చెడ్డవనడం కూడా సరికాదు. ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్కలు, ఉడికించిన పల్లీలు, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న కంకి, చలికాలంలో రేగుపళ్లు, సీతాఫలాలు, ఎండాకాలంలో ముంజలు తోపుడుబండ్ల మీదే దొరుకుతాయి. జామలో విటమిన్ సి నారింజ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఐదు రూపాయలు ఇవ్వక తప్పని రోజున "కొట్టు దగ్గరకు వద్దు, జామకాయల అవ్వ దగ్గరకు వెళ్లు" అని చెప్పి ఇవ్వొచ్చు. ఇవి అమ్మే వాళ్లకు బడి గేటు దగ్గర నీడ, నీళ్లు ఏర్పాటు చేసే మున్సిపాలిటీ ఉంటే ఎంత బాగుండును!

> బాక్సు: గేటుకు 50 మీటర్లు
>
> ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన పదార్థాలను బడి ఆవరణలో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదు, వాటి ప్రచారం చేయకూడదు. తల్లిదండ్రుల సమావేశంలో అడగదగిన ప్రశ్న ఇది.

> బాక్సు: చిన్నపిల్లలకు జాగ్రత్త
>
> ▪ నాలుగేళ్లు నిండని పిల్లలకు పల్లీలు, శనగలు గింజలుగా పెట్టొద్దు. గొంతులో అడ్డుపడతాయి. పొడిగానో, మెత్తగా నూరో పెట్టాలి. ద్రాక్ష పళ్లు నిలువుగా కోసి ఇవ్వాలి.
>
> ▪ ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు.
>
> ▪ మొలకలు పచ్చివి కాకుండా ఆవిరి పట్టించి పోపు వేస్తే చిన్న కడుపుకు సుఖం, నోటికి రుచి.
>
> ▪ పల్లీ, గుడ్డు, పాలు మొదటిసారి పెట్టినప్పుడు దద్దుర్లు, వాపు, ఆయాసం కనిపిస్తే ఆపేసి వెంటనే వైద్యులకు చూపించాలి.

సున్నుండ మంచిదే, లెక్క తప్పకపోతే

తీపి లేకుండా బాల్యం ఉండదు, ఉండాలని నేను కోరను కూడా. పొట్టు మినప్పప్పు దోరగా వేయించి విసిరి, బెల్లం, నెయ్యితో కట్టిన సున్నుండ, నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి, పల్లీ పట్టీ, సద్దుల బతుకమ్మ నాటి సత్తుపిండ్లు, మలీద ముద్దలు తీపితో పాటు గింజ బలాన్ని కూడా ఇస్తాయి. చాక్లెట్టుకూ వీటికీ ఉన్న తేడా అదే. వంద గ్రాముల పల్లీల్లో పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులున్నాయి.

అయితే బెల్లం వేస్తే ఎంతైనా తినొచ్చన్న నమ్మకం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. బెల్లంలో చక్కెరలో లేని ఖనిజాలు కొన్ని ఉన్న మాట నిజమే, కానీ అందులో ఎక్కువ భాగం చక్కెరే. పళ్లకూ, ఒంటికీ రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి. రోజుకొక చిన్న సున్నుండ సరిపోతుంది. అంగట్లో కొత్తగా వచ్చిన 'మిల్లెట్' బిస్కెట్లు, 'మల్టీగ్రెయిన్' చిప్స్ కొనేముందు ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదవండి. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నదాని పేరు ముందు రాస్తారు. మైదా, పామాయిల్, చక్కెర మొదటి మూడు స్థానాల్లో ఉంటే ముందువైపు బొమ్మలో ఎన్ని కంకులు ఉన్నా లాభం లేదు. పాలలో కలిపే పొడి డబ్బాలను 'హెల్త్ డ్రింక్' అన్న విభాగంలో అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పాల్సి వచ్చింది. మనం తరాల తరబడి పరీక్షల ముందు పిల్లలకు కలిపిచ్చింది వాటినే.

ముద్ద చేతిలో పడ్డప్పుడు

వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. పెద్ద బేసిన్‌లో పప్పన్నం, నెయ్యి, కొత్తావకాయ కలిపి ఆవిడ మధ్యలో కూర్చుంటే, చుట్టూ అరడజను మంది. ఒక్కో చేతిలో ఒక్కో ముద్ద. "నాకు చిన్నది వచ్చింది" అని గొడవ. ఇంటి దగ్గర రెండు ముద్దలకే లేచిపోయే పిల్ల అక్కడ ఏడు తినేది. వంకాయ ముట్టని మనవడు, బావ తింటున్నాడు కదా అని తానూ నోరు తెరిచేవాడు. పోషకాహార శాస్త్రం ఇప్పుడు దీన్ని రుజువులతో చెబుతోంది: తోటిపిల్లలు తింటుంటే కొత్త తిండి మీద భయం పోతుంది. అమ్మమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే ఆ పని చేసింది.

ఇవాళ్టి ఇంట్లో ఒక్కరో ఇద్దరో పిల్లలు. తినిపించేవాళ్లకు తీరిక లేదు. ఆ ఖాళీలోకి ఫోన్ వచ్చి కూర్చుంది. తెర చూస్తూ నోరు తెరిచే బిడ్డకు రుచి తెలియదు, కడుపు నిండిందన్న కబురూ అందదు. చందమామను చూపించి తినిపించడమూ ధ్యాస మళ్లించడమే కదా అని కొందరు అడుగుతారు. కథ చెప్పే అమ్మ బిడ్డ ముఖం చూస్తూ చెబుతుంది. చాలనగానే ఆమెకు తెలుస్తుంది. ఫోన్ ఆ చూపును రెండువైపులా తెంచేస్తుంది.

బలవంతం గురించీ చెప్పాలి. "ఈ ఒక్క ముద్దా", "తింటే చాక్లెట్ ఇస్తా" అనేవి ప్రేమతో అనే మాటలే. ఆ మాటల వల్ల కూర శిక్షగా, చాక్లెట్ బహుమానంగా బిడ్డ మనసులో స్థిరపడతాయి. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ దీనికి ఒక పనుల పంపకం సూచించారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల బాధ్యత. తినడమా మానడమా, ఎంత తినడం అన్నది పిల్లల ఇష్టం. మన ఇళ్లలో ఇది తిరగబడింది. "ఏం కావాలి కన్నా, నూడుల్సా?" అని మనం అడుగుతాం. ఎంత తినాలో కూడా మనమే నిర్ణయించి నోట్లో కుక్కుతాం. పంపకాన్ని సరిచేసుకున్న ఇంట్లో మొదటి వారం కష్టంగా ఉంటుంది, పళ్లేలు మిగులుతాయి. ఆరోగ్యంగా ఉండి, బరువు తగ్గకుండా ఎదుగుతున్న బిడ్డ ఒక పూట తక్కువ తిన్నంత మాత్రాన భయపడాల్సిన పని లేదు. తర్వాతి పూట ఆకలితో వస్తుంది.

ఆదివారం ఒక గంట

ఇన్ని చెప్పినా చివరికి ప్రశ్న ఒకటే: ఎవరు చేస్తారు? ఉద్యోగం నుంచి ఏడింటికి ఇల్లు చేరే అమ్మను, నాలుగున్నరకు సర్వపిండి కాల్చమనడం అన్యాయం. పిల్లల తిండి గురించి రాసే వ్యాసాలు చాలావరకు అమ్మకు ఇంకొక పని పురమాయించి ముగుస్తాయి. అలా కాకూడదు. నాన్నకూ రెండు చేతులున్నాయి. పదేళ్లు దాటిన పిల్లలకూ ఉన్నాయి.

ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ కలిసి ఒక గంట కూర్చుంటే వారానికి సరిపడా సరుకు తయారవుతుంది. పల్లీలు వేయించి పొట్టు చెరగడం నాన్న పని. నువ్వుల పొడి, మునగాకు కలిపిన కందిపొడి కొట్టి సీసాల్లో నింపొచ్చు. అటుకులు దోరగా వేయించి పుట్నాలు, కరివేపాకుతో కలిపి డబ్బాలో పోస్తే వారం రోజులు కరకరలాడతాయి. శనగలు రాత్రి నానబోయడం ఐదో తరగతి పిల్లవాడికి అప్పగించదగిన బాధ్యత. ఆ డబ్బాలు పై అరలో కాకుండా పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలి. బిస్కెట్ల డబ్బా అటక ఎక్కాలి. ఇంట్లో నానమ్మో తాతయ్యో ఉంటే సాయంత్రం ఆ నానిన శనగలు ఉడికించి పెట్టడం వాళ్లకూ కాలక్షేపం. ఎవరూ లేని ఇంట్లో, తాళం తీసుకుని తానే లోపలికి వచ్చే పిల్లకు, అటుకుల డబ్బా పక్కన ఒక అరటిపండు ఉన్నా చాలు.

డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్న తెలుగు ఇళ్లకు ఇంకొక చిక్కు. పల్లీ ఎలర్జీ ఉన్న పిల్లల కోసం అక్కడ చాలా బడులు పల్లీలను గదిలోకే రానివ్వవు. పల్లీ పొడి లేని ఇడ్లీ బాక్సును ఊహించలేని అమ్మమ్మలు, ఆరు నెలలకని వెళ్లి, పుట్నాలతోనూ గుమ్మడి గింజలతోనూ పొడులు కొట్టి పెట్టి వస్తున్నారు. తోటిపిల్లలు ముక్కు మూసుకుంటారేమోనని సాంబారు వద్దనే మనవరాలికి, చేత్తో తినే చిన్న గుంత పొంగనాలు కట్టిచ్చే ఉపాయం కూడా వాళ్లదే.

పదో తరగతికే ఎందుకు?

ఇంటి బయట కూడా ఈ ఆకలిని ప్రభుత్వం ఒకచోట గుర్తించింది. తెలంగాణలో పదో తరగతి పరీక్షల ముందు సాయంత్రం ప్రత్యేక తరగతులకు ఉండే ప్రభుత్వ బడి పిల్లలకు 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అల్పాహారం ఇచ్చారు. రోజుకు ఒక్కొక్కరికి 15 రూపాయలు. ఉడికించిన పెసలు, బొబ్బర్లు, పల్లీలూ బెల్లం, ఉల్లిపాయ కలిపిన శనగలు ఆ జాబితాలో ఉన్నాయి. ఇంతకన్నా మంచి జాబితా ఏ కార్పొరేట్ బడి క్యాంటీన్‌లోనూ నేను చూడలేదు. కానీ అది కొన్ని వారాల ఏర్పాటు. పరీక్ష రాసే పిల్లలకు మాత్రమే. పదకొండేళ్ల ఆరో తరగతి పిల్ల ఎదిగే వయసులో ఉంది. త్వరలో నెలసరి మొదలై ఇనుము అవసరం ఇంకా పెరుగుతుంది. ఆ గుప్పెడు బొబ్బర్లు ఆమెకు జూన్ నుంచే కావాలి.

వండే మనుషులు ఇప్పటికే బడిలో ఉన్నారు. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు మధ్యాహ్నం వందల మందికి వండి, రెండున్నరకు గిన్నెలు తోమి ఇంటికి వెళ్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లకు నెలకు దక్కేది 3,000 రూపాయల గౌరవ వేతనం. లంకల గన్నవరంలో జీవితమంతా ఆకలిగొన్నవారికి వండిపెట్టిన డొక్కా సీతమ్మ పేరు ఇవాళ అక్కడి మధ్యాహ్న భోజన పథకానికి ఉంది. సాయంత్రం గుగ్గిళ్లు కూడా వాళ్లనే ఉడికించమని అడగాలి. అడిగే ముందు ఆ 3,000 పెంచాలి, ఆ సాయంత్రపు పనికి విడిగా కూలి కట్టాలి.